నట్టింట వేగు

కొబ్బరిచెట్టుకు ఎర్రముక్కు పురుగు పట్టినప్పుడు ఆకుల్లో మొదట ఏ మార్పూ కనిపించదు. మొవ్వు పచ్చగానే ఉంటుంది. గెలలు దిగుతూనే ఉంటాయి. పురుగు మాత్రం కాండం లోపల సొరంగాలు తొలుచుకొంటూ పోతుంది. మొదలు దగ్గర చిన్న రంధ్రం, అందులోనుంచి కారే ముదురు రంగు జిగురు, నమిలి బయటికి నెట్టిన పీచు, ఇవే దాని జాడలు. చెట్టుకు చెవి ఆనించి వింటే లోపల కొరుకుతున్న చప్పుడు వినిపిస్తుంది. మొవ్వు వాలిపోయే నాటికి చెట్టు చేయి దాటిపోయి ఉంటుంది.

శ్రీకాకుళం జిల్లాలో పలాసకు తూర్పున, ఈశాన్యాన వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి ప్రాంతాలలో సముద్రపు ఒడ్డున పరచుకొన్న కొబ్బరి, జీడి తోటల నేలను ఉద్దానం అంటారు. ఉద్యానం అన్న మాటే ఉద్దానమైందని చెబుతారు. ఆ తోటలు రెండు రకాల ఆపదలను ఎరుగుదురు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను మొదటి రకం. అది వచ్చింది, చెట్లను పడగొట్టింది, పోయింది. జరిగిన నష్టం తెల్లవారేసరికి లోకానికంతటికీ కనిపించింది. రెండవ రకం పురుగు. దానికి చెట్టు బతికి ఉండడమే కావాలి.

కంప్యూటరుకు వచ్చే ఆపదలలోనూ ఈ రెండు రకాలూ ఉన్నాయి. 2000 మే నెలలో ప్రేమలేఖ రూపంలో ఈమెయిళ్ల వెంట ప్రపంచమంతా వ్యాపించిన 'ఐ లవ్ యూ' అన్న క్రిమి తుపాను వంటిది. అది చొరబడిన చోట బొమ్మల ఫైళ్లు నాశనమయ్యాయి. స్పైవేర్ అలాంటిది కాదు. అది దేనినీ పడగొట్టదు. యంత్రం పనిచేస్తూ ఉండాలి, ఇంటివారు రోజూ దానిముందు కూర్చోవాలి, మీటలు నొక్కుతూ ఉండాలి. అప్పుడే దానికి మేత.

స్పైవేర్‌కు తెలుగులో కొత్త మాట వెతకనక్కరలేదు. వేగు అన్న అచ్చతెలుగు పదం ఉండనే ఉన్నది. రాజులకు వేగులవారే కన్నులని రాజనీతి చెప్పినవారందరూ అంగీకరించారు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో గూఢపురుషులను వేషాలనుబట్టి వర్గీకరించాడు. శిష్యుని వేషం వేసిన కాపటికుడు, వ్యవసాయదారుని వేషంలోని గృహపతికుడు, వర్తకుని వేషంలోని వైదేహకుడు, తపస్వి వేషంలోని తాపసుడు ఆ పట్టికలో కనిపిస్తారు. వీరిలో ఎవడూ తాను వేగునని చెప్పుకొని రాడు. పనికివచ్చే మనిషిగా వస్తాడు. ఈనాటి యంత్రపు వేగు కూడా ఉచితంగా పాటలిచ్చే వర్తకునిగానో, చదువుకు సాయపడే శిష్యునిగానో, కంప్యూటరు రోగాలను కుదుర్చుతానని చెప్పుకొనే వైద్యునిగానో గడప దాటుతుంది.

వేగు తెచ్చే వార్త చిన్నదే కావచ్చు. భారత విరాటపర్వంలో దుర్యోధనుని వేగులవారు దేశాలన్నీ తిరిగి పాండవులను కనుగొనలేక వెనుదిరిగారు. వారు తెచ్చిన వార్తలలో విరాటుని కొలువులో కీచకుడు చచ్చాడన్నది ఒకటి. తెచ్చినవారికి దాని విలువ తెలియదు. విన్నవాడికి తెలిసింది. స్పైవేర్ పంపే సమాచారమూ ఇటువంటిదే. ఏ పుట తెరిచారు, ఏ వేళకు తెరిచారు, ఏ పెట్టెలో ఏ అక్షరాలు కొట్టారు, ఇవన్నీ విడివిడిగా చిల్లర ముక్కలు. ఒకచోట పోగుచేసి చూసేవాడికి మాత్రం ఆ ఇంటి బ్యాంకు ఖాతా, ఆ ఇంటి రోగం, ఆ ఇంటి అవసరం మూడూ తెలుస్తాయి.

ఈ వేగులు ఇళ్లలోకి విస్తారంగా చొరబడినది 2000 తరువాతి సంవత్సరాలలో. పాస్‌వర్డులు గుర్తుపెట్టి పత్రాలు నింపిపెడతానంటూ వచ్చిన గేటర్ అన్న ప్రోగ్రాము, ఇంటివారు ఏ పుటలు చూస్తున్నారో గమనించి దానికి తగిన ప్రకటనలు గుప్పించేది. పాటలు పంచుకొనే కజా వంటి ప్రోగ్రాముల వెంట ప్రకటనల ప్రోగ్రాములు జతగా వచ్చేవి. వీటన్నిటికంటె మొండిగా పేరుపడ్డది 2003లో బయటపడిన కూల్‌వెబ్‌సెర్చ్. బ్రౌజరు తెరవగానే ఇంటివారు కోరని పుట వచ్చేది. దానిని మార్చితే మళ్లీ అదే వచ్చేది. ఒక రూపాన్ని తొలగించే ఉపాయం కనిపెట్టేలోగా మరొక రూపం పుట్టేది. దానిని వెంటాడినవాడు పెద్ద సంస్థ ఉద్యోగి కాదు. నెదర్లాండ్స్‌కు చెందిన మెరెయిన్ బెల్లెకోమ్ అన్న విద్యార్థి. కూల్‌వెబ్‌సెర్చ్‌ను తొలగించడానికి సీడబ్ల్యూ ష్రెడర్ అన్న చిన్న పనిముట్టునూ, హైజాక్‌దిస్ అన్న మరొక పనిముట్టునూ తయారుచేసి అతడు ఉచితంగా పంచిపెట్టాడు. హైజాక్‌దిస్ దేనినీ తనంత తాను చంపేది కాదు. యంత్రం మొదలైనప్పుడు ఏయే ప్రోగ్రాములు ఏయే మూలలనుంచి లేస్తున్నాయో వరుసగా రాసి చూపేది. తీర్పు మనిషికి వదిలేది. మొండి వేగును తొలగించే విద్యలో ఆ జాబితాయే అసలైన ముందడుగు. ఎందుకన్నది ఒక ఇంటిని ఊహించుకొంటే తెలుస్తుంది.

కాశీబుగ్గలో ఒక ఇల్లు ఉన్నదనుకొందాం. తండ్రి టెక్కలిలో గ్రానైటు పలకలు కోసే కర్మాగారంలో లెక్కలు రాస్తాడు. మిగిలిపోయిన పనిని పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తెచ్చుకొంటాడు. పెద్దకొడుకు విదేశంలో పనిచేస్తూ నెలనెలా డబ్బు పంపుతాడు. ఉద్దానంలో దశాబ్దాలుగా ఇంటింటినీ పీడిస్తున్న మూత్రపిండాల వ్యాధి తాతగారినీ వదలలేదు. పలాసలో 2023 డిసెంబరులో మూత్రపిండ వ్యాధుల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమైన తరువాత ఆయన చికిత్స అక్కడికి మారింది. పాతవీ కొత్తవీ రక్తపరీక్షల కాగితాలన్నీ స్కాన్ చేసి కంప్యూటరులో దాచారు. చిన్నమ్మాయి జూనియర్ కళాశాలలో చదువుతున్నది. ఇల్లు కల్పితమే. అందులోని వస్తువులు మాత్రం ఏ వీధిలోనైనా ఉండేవే.

ఒకనాడు ఆ అమ్మాయి పీడీఎఫ్ పుటలను మార్చుకొనేందుకు ఒక ఉచిత ప్రోగ్రాము దింపుకొన్నది. ఎక్కించేటప్పుడు వరుసగా వచ్చిన ప్రశ్నలన్నిటికీ చదవకుండానే సరే అన్నది. నాలుగు రోజులలో బ్రౌజరు మొదటి పుట మారింది. వెతికిన ప్రతి మాటా ఎన్నడూ వినని ఒక పుట మీదుగా పోతున్నది. ఎవరూ తాకకపోయినా యంత్రంలోని పంకా గిర్రున తిరుగుతున్నది. అనుమానం వచ్చి ఆ ప్రోగ్రామును తొలగించారు. మరునాడు ఉదయం అన్నీ యథాప్రకారం తిరిగి వచ్చాయి. మళ్లీ తొలగించారు. మళ్లీ వచ్చాయి.

బాలనాగమ్మ కథ విన్నవారికి ఈ చిక్కు కొత్తది కాదు. మాయల ఫకీరును ఎంత కొట్టినా చావడు. వాని ప్రాణం వాని ఒంట్లో లేదు. ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో ఉన్నది. బాలనాగమ్మ ఆ రహస్యాన్ని మాటల్లో పెట్టి రాబట్టిన తరువాతగానీ ఆమె కొడుకు వానిని చంపలేకపోయాడు. మొండి స్పైవేర్ ప్రాణం కూడా తెరమీద కనిపించే ప్రోగ్రాములో ఉండదు. విండోస్‌లో రిజిస్ట్రీ అనే పెద్ద చిట్టా ఉన్నది. యంత్రం లేవగానే ఎవరెవరిని లేపాలో అందులో కొన్ని చోట్ల రాసి ఉంటుంది. తెరవెనుక నడిచే సర్వీసులు మరొక చోటు. ఫలానా గంటకు ఫలానా పని చేయాలని ఆజ్ఞలు రాసి ఉంచే టాస్క్ షెడ్యూలర్ ఇంకొక చోటు. బ్రౌజరుకు తగిలించే ఎక్స్‌టెన్షన్లు వేరు. వీటిలో ఏ ఒక్కచోట వేగు తన పేరు రాసి ఉంచినా చాలు. మనం చెరిపిన ఫైలును అది రాత్రికి రాత్రి నెట్ నుంచి మళ్లీ దింపుకొంటుంది.

కొన్ని వేగులు జంటగా ఉంటాయి. ఒకదానిని ఆపితే రెండవది చూసి దానిని మళ్లీ లేపుతుంది. అటువంటప్పుడు ఒకదాని తరువాత ఒకదానిని చంపబోవడం వృథా. ముందు రెంటినీ కదలకుండా స్తంభింపజేయాలి. ఆ తరువాతనే ఆపాలి. మైక్రోసాఫ్ట్ సంస్థ ఉచితంగా ఇచ్చే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ అన్న పనిముట్టులో ఈ స్తంభన సౌకర్యం ఉన్నది. అదే వరుసలోని ఆటోరన్స్ అన్న మరొక పనిముట్టు, లేచే ప్రోగ్రాములన్నిటి జాబితానూ ఒకచోట చూపుతుంది. ఒకనాడు హైజాక్‌దిస్ చేసిన పనిని మరింత విస్తారంగా చేసేది ఇదే.

ఇంతకంటె లోతైన మోసం ఇంకొకటి ఉన్నది. కొన్ని ప్రోగ్రాములు విండోస్ అంతర్భాగంలోకే చొరబడి, తమ ఫైళ్లను ఎవరు అడిగినా అక్కడ ఏమీ లేదని దానిచేతనే చెప్పిస్తాయి. వీటిని రూట్‌కిట్ అంటారు. 2005 అక్టోబరు 31న మార్క్ రుసినోవిచ్ అన్న నిపుణుడు తన సొంత కంప్యూటరులో ఇటువంటిదాన్ని కనిపెట్టి బయటపెట్టాడు. అది ఏ దొంగల ముఠా పనీ కాదు. డబ్బిచ్చి కొన్న సోనీ బీఎంజీ సంస్థ పాటల సీడీనుంచి వచ్చింది. పాటలను నకలు తీయకుండా ఆపడానికి ఆ సంస్థ దానిని పెట్టింది. గొడవ పెద్దదై నవంబరులో ఆ సీడీలను వెనక్కు తీసుకోవలసి వచ్చింది. ప్రసిద్ధ సంస్థ ముద్ర ఉంటే చాలు, అనుమానించనక్కరలేదన్న ధీమా ఆనాటితో సడలింది. సాక్షియే దొంగ పక్షాన చేరినప్పుడు ఆ సాక్షిని ఎన్నిసార్లు ప్రశ్నించినా ప్రయోజనం లేదు. విండోస్ లేవకముందే, దాని ప్రమేయం లేకుండా డిస్కును శోధించాలి.

కనుక కాశీబుగ్గ ఇంటివారు చేయవలసిన పనికి ఒక క్రమం ఉన్నది. చాలామంది తప్పిపోయేది ఉపాయాలు తెలియక కాదు, క్రమం తెలియక.

మొట్టమొదట నెట్ తీగను ఊడదీయాలి, లేదా వైఫైని ఆపాలి. దీనితో వార్తలు బయటికి పోవడం ఆగుతుంది, చెరిపిన ఫైళ్లు తిరిగి దిగడమూ ఆగుతుంది. ఆ క్షణంనుంచి ఆ యంత్రంలో ఏ పాస్‌వర్డూ కొట్టకూడదు. కంగారులో బ్యాంకు పాస్‌వర్డును ఆ కంప్యూటరులోనే మార్చబోవడం, దొంగ చూస్తుండగా కొత్త తాళంచెవి ఎక్కడ దాచామో చూపించడమే అవుతుంది.

తరువాత తాతగారి పరీక్షల కాగితాలు, ఫోటోలు, లెక్కల పుటలు వేరొక డిస్కులోకి తీసిపెట్టాలి. పత్రాలను మాత్రమే తీయాలి. ప్రోగ్రాములను, దింపుకొన్న సెటప్ ఫైళ్లను వదిలిపెట్టాలి. తండ్రి పెన్‌డ్రైవ్‌ను అంతవరకు టెక్కలికి పంపరాదు. ఒక ఇంటి వేగు ఒక కర్మాగారపు వేగుగా మారడానికి ఆ చిన్న పరికరం చాలు.

కావలసిన పనిముట్లను మరొక మంచి కంప్యూటరులో, వాటి తయారీదారుల పుటలనుంచే దింపి తేవాలి. 'మీ కంప్యూటరు ప్రమాదంలో ఉన్నది, వెంటనే ఇక్కడ నొక్కండి' అంటూ తెరమీద ఎగిరివచ్చే హెచ్చరికలను నమ్మి తెచ్చుకొన్నవి పనికిరావు. వైద్యుని వేషంలో వచ్చే వేగు ఇదే. 2005 ప్రాంతంలో స్పైషెరిఫ్ అన్న ప్రోగ్రాము లేని రోగాలను చూపి, మందు పేరిట డబ్బు గుంజింది. ఇప్పుడు అదే మోసం ఫోను నంబరుతో సహా వస్తున్నది. ఆ నంబరుకు ఫోను చేస్తే అవతలివాడు మర్యాదగా మాట్లాడి, కంప్యూటరును దూరంనుంచి తనకు అప్పగించమంటాడు. అప్పగించరాదు.

అప్పుడు యంత్రాన్ని సేఫ్ మోడ్‌లో లేపాలి. షిఫ్ట్ మీటను నొక్కి పట్టుకొని రీస్టార్ట్‌ను ఎంచుకొంటే ఆ దారి తెరుచుకొంటుంది. డిస్కుకు గుప్తలిపి రక్షణ ఉంటే యంత్రం దాని రికవరీ కీ అడగవచ్చు. ముందే రాసి ఉంచుకోవడం మేలు. సేఫ్ మోడ్‌లో అత్యవసరమైన ప్రోగ్రాములు మాత్రమే లేస్తాయి. అధికభాగం వేగులు నిద్రలోనే ఉంటాయి. ఆటోరన్స్ జాబితాను తెరిచి నిదానంగా చదవాలి. ఎవరు తయారుచేశారో చెప్పని పేరు, తాత్కాలిక ఫైళ్ల అరలోనుంచి లేచే ప్రోగ్రాము, రోగం మొదలైన తేదీనాడే పుట్టిన ఫైలు, వీటిమీద దృష్టి నిలపాలి. తెలియని పేరు కనిపించినంతమాత్రాన చెరపకూడదు. ధ్వనికి, తెరకు, ముద్రణకు సంబంధించిన మంచి ప్రోగ్రాములకూ వింత పేర్లే ఉంటాయి. ముందు గుర్తు తీసివేసి, లేవకుండా ఆపి చూడాలి. కలుపు ఏదో పైరు ఏదో తెలియనివాడు కొడవలి పట్టకపోవడమే మంచిది.

పేర్లు ఆపిన తరువాత శోధన జరపాలి. విండోస్‌తోపాటే వచ్చే మైక్రోసాఫ్ట్ డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ అన్నది ఉన్నది. అది యంత్రాన్ని ఆపి, విండోస్ లేవకముందే డిస్కును గాలిస్తుంది. దాదాపు పావుగంట పడుతుంది. రూట్‌కిట్ వంటివి దొరికే అవకాశం ఇక్కడే ఎక్కువ. ఆ తరువాత బ్రౌజరు సంగతి చూడాలి. అక్కరలేని ఎక్స్‌టెన్షన్లను, తెలియక అనుమతి ఇచ్చిన నోటిఫికేషన్లను తొలగించి, మొదటి పుటను సరిచేయాలి. నెట్ దారిని మళ్లించే ప్రాక్సీ అమరికను, హోస్ట్స్ అన్న ఫైలును, ఇంటి రౌటరు పాస్‌వర్డునూ పరిశీలించాలి. ఈ మూడింటిని మరచినందువల్లనే అన్నీ శుభ్రమైనట్లు తోచిన యంత్రం మళ్లీ పాత పుటకే పోతూ ఉంటుంది. పాత స్థితికి తీసుకుపోయే రిస్టోర్ పాయింట్లలోనూ రోగపు నకలు దాగి ఉండవచ్చు.

ఇంత చేసినా మరునాడు పాత లక్షణాలు తిరిగి వస్తే ఏమి చేయాలి? జీడిమామిడికి వేరు, కాండం తొలిచే పురుగు పట్టినప్పుడు తొలిదశలో బెరడు చెక్కి పురుగును తీసి మందు పూస్తారు. ఆకులు పసుపుబారి రాలిపోయే దశకు చేరిన చెట్టు దక్కదు. దానిని వేళ్లతో పెకలించి తీసివేస్తారు. ఉంచితే పక్క చెట్లకూ పాకుతుంది. కంప్యూటరు విషయంలో పెకలించడమంటే డిస్కును పూర్తిగా చెరిపి విండోస్‌ను మళ్లీ ఎక్కించడం. చెట్టును కోల్పోయినవాడు కొత్త మొక్క కాపుకు రావడానికి ఏళ్లు వేచి ఉండాలి. కంప్యూటరు యజమానికి అది ఒక పూట పని. అయినా మనుషులు దీనికి ఆలస్యంగా ఒప్పుకొంటారు. పాస్‌వర్డులు దొంగిలించే రకం పట్టిందన్న అనుమానం గట్టిగా ఉంటే రెండు మూడు రోజులు కుస్తీ పట్టకుండా మొదటనే పెకలించడం వివేకం.

ఎక్కించే విండోస్ దొంగ నకలు కాకూడదు. దుకాణంలో తక్కువ ధరకు పని జరిగిందని సంతోషించి, తాళం పగలగొట్టిన ప్రతిని ఎక్కించుకొన్నవారు పాత వేగును పంపి కొత్త వేగును పిలిచినట్లే కావచ్చు. విండోస్ 10కు సాధారణ భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. పాత యంత్రాలున్నవారు దీనిని దృష్టిలో ఉంచుకోవాలి. యంత్రాన్ని మరమ్మతుకు ఇచ్చేటప్పుడు డిస్కులోని సొంత కాగితాలను ముందుగానే తీసివేయడం కూడా మరువకూడదు.

యంత్రం శుభ్రపడినంతమాత్రాన ఇల్లు క్షేమం కాదు. వేగు వెళ్లిపోయింది గాని, అది అప్పటికే చేరవేసిన వార్తలు వెనక్కు రావు. అందుచేత రోగం లేని మరొక పరికరంనుంచి ముందు ఈమెయిల్ పాస్‌వర్డు, తరువాత బ్యాంకు పాస్‌వర్డు, ఆపైన మిగిలినవి మార్చాలి. ఈమెయిల్ ముందెందుకంటే, తక్కిన ఖాతాల తాళాలు మార్చే ఉత్తరాలన్నీ అక్కడికే వస్తాయి. ప్రతి ఖాతాలోనూ అన్ని పరికరాలనుంచి నిష్క్రమించే ఏర్పాటును ఎంచుకోవాలి. ఒకసారి లోపలికి ప్రవేశించిన బ్రౌజరుకు ఖాతా ఒక చీటీ ఇస్తుంది. దానిని కుకీ అంటారు. ఆ చీటీని దొంగిలించినవాడికి పాస్‌వర్డుతో పనిలేదు. కొన్ని చోట్ల పాస్‌వర్డు మారినా ఆ చీటీ చెల్లుతూనే ఉంటుంది. విదేశంలో ఉన్న పెద్దకొడుకుకు కూడా సంగతి ఫోనులో చెప్పాలి. ఇంటివారి పేరుతో డబ్బు అడుగుతూ ఉత్తరం వస్తే, గొంతు వినకుండా పంపకూడదు.

డబ్బు పోయినట్లు గమనిస్తే వెంటనే బ్యాంకుకూ, 1930 నంబరుకూ తెలియజేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ సొమ్ము చేతులు మారిపోతుంది. అనుమతి లేకుండా ఒకరి కంప్యూటరులోకి ఇటువంటి ప్రోగ్రామును చొప్పించడం సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షన్ కిందికి వస్తుంది. దానిని దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల వరకు జైలు, అయిదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం, సోకిన యంత్రాలను శుభ్రపరచే పనిముట్లను ఉచితంగా అందజేస్తున్నది.

ఎర్రముక్కు పురుగు రంధ్రంలో మందు పోసి మూసిన రైతు అంతటితో తోటను మరచిపోడు. కొన్ని రోజుల తరువాత మళ్లీ వచ్చి, జిగురు కొత్తగా కారుతున్నదేమో, తాజా పీచు రాలిందేమో చూస్తాడు. కాశీబుగ్గ ఇంటి అమ్మాయి కూడా శుభ్రమైననాడు ఆటోరన్స్ చూపిన పేర్లను ఒక నోటుపుస్తకంలో రాసి తేదీ వేసి ఉంచుకోవాలి. వారం తరువాత ఒకసారి, నెల తరువాత ఒకసారి జాబితాను తెరిచి ఆ పేర్లతో సరిచూడాలి. తానుగా ఎక్కించని కొత్త పేరేదీ అందులో చేరలేదని తేలిన తరువాత, తాతగారి కాగితాలున్న డిస్కును ముందు శోధించి, ఆ పిమ్మట కంప్యూటరులోకి ఎక్కించవచ్చు. తండ్రి పెన్‌డ్రైవ్‌ను చెరిపి, శుభ్రంచేసి టెక్కలికి పంపవచ్చు.